అమ్మానాన్నల్ని ఒపెరా హౌస్‌కి తీసుకెళ్ళాలంటే రెండు రోజులు పెట్టుకోండి

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్‌లో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు, మూడు నెలలు ఉంటారు. నాన్నగారికి 71, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, బాబుకి ఏడేళ్ళు. మీరుండేది సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో. సిడ్నీ ఒపెరా హౌస్ బయట నుంచి చూస్తే చాలా, టూర్ తీసుకోవాలా, షోకే వెళ్ళాలా? ఫెర్రీ, బ్రిడ్జి, జూ అన్నీ కలిపి ఒక్క శనివారంలో అయిపోతాయా?

అవ్వవండీ. అయిందనిపించొచ్చు, కానీ సాయంత్రానికి అమ్మగారు సోఫాలో కాళ్ళకి జండూ బామ్ రాసుకుంటూ "ఏం చూశామో ఏమో, తిరగడమే సరిపోయింది" అంటారు. 2008 నుంచి ఇక్కడ ఉంటున్నాను. మా అమ్మానాన్న మూడుసార్లు వచ్చారు, అత్తమామలు రెండుసార్లు, మా పెద్దమ్మ ఒకసారి. ఈ మధ్యలో ఆఫీసులో సెలవు దొరకని స్నేహితుల తల్లిదండ్రులందర్నీ తిప్పే బాధ్యత కూడా ఎందుకో నా మీదే పడింది. మొదటి రెండు మూడుసార్లు నేనూ మీలాగే ఒక్కరోజులో అన్నీ అనుకుని బోర్లాపడ్డాను. ఇప్పుడు ఎవరడిగినా ఒకే మాట చెప్తాను: ఒపెరా హౌస్‌కి రెండుసార్లు వెళ్ళండి. ఒకసారి సాయంత్రం పూట, టికెట్ లేకుండా, బయటంతా తీరిగ్గా చూడ్డానికి. ఇంకోసారి మధ్యాహ్నం, చేతిలో షో టికెట్‌తో, లోపల కూర్చోడానికి. మీ వాళ్ళు మూడు నెలలు ఉంటున్నారు కాబట్టి తొందరేమీ లేదు. జూ సంగతి వేరే రోజు.

మొదటి రోజు శుక్రవారం పెట్టుకోండి. శుక్ర, శని, ఆదివారాల్లో ఓపల్ (ఇక్కడి రైలు, బస్సు, ఫెర్రీలకి వాడే టికెట్ కార్డు) ఛార్జీల రోజువారీ పరిమితి మామూలు రోజులతో పోలిస్తే సగమే. శని, ఆదివారాల కంటే శుక్రవారం జనం తక్కువ, ట్రాక్ వర్క్ పేరుతో రైలు దింపేసి బస్సెక్కించే గొడవా తక్కువే. డిసెంబర్ 20 దాటాక బాబుకి ఎలాగూ సెలవులే. ఓపల్ గురించి రెండు మాటలు. అమ్మానాన్నలకి సీనియర్ కార్డు దొరకదు, అది ఇక్కడ ఉండేవాళ్ళకే. వాళ్ళు ఏ బ్యాంకు కార్డుతోనైనా ట్యాప్ చేయొచ్చు, కాకపోతే మనిషికో కార్డు ఉండాలి. బాబుకి మాత్రం పిల్లల ఓపల్ కార్డు కొనండి. బ్యాంకు కార్డుతో ట్యాప్ చేస్తే పెద్దవాళ్ళ ఛార్జీ పడుతుంది. మా ఇంట్లో ఈ సంగతి తెలియడానికి ఏడాది పట్టింది.

వెళ్ళేటప్పుడు ఫెర్రీ, వచ్చేటప్పుడు రైలు. ఈ వరస తిరగేయకండి. పారమట్టా వార్ఫ్ దగ్గర ఎఫ్3 ఫెర్రీ ఎక్కితే ఒపెరా హౌస్ పక్కనున్న సర్క్యులర్ కీ చేరడానికి గంటన్నర పడుతుంది. అంతసేపా అనిపిస్తుంది గానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇంతకన్నా సుఖమైన సైట్‌సీయింగ్ లేదు. కూర్చున్నచోటికే ఊరు నడిచొస్తుంది. మొదట్లో సన్నటి కాలవలా ఉంటుంది, రెండు పక్కలా మడ చెట్లు. మా నాన్న దాన్ని చూసి "ఇదేంట్రా, మన కోనసీమ కాలవలా ఉంది" అన్నారు. తర్వాత తర్వాత వెడల్పవుతుంది, చివర్లో పడవ సరిగ్గా హార్బర్ బ్రిడ్జి కిందనుంచి దూరుతుంది. దూరి బయటపడగానే కుడి పక్కకి తిరిగే మలుపులో ఒపెరా హౌస్ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఆ ఒక్క నిమిషం కోసమే ఫెర్రీ ముందు వెళ్ళాలంటున్నాను. రైల్లో వెళ్తే ఈ రాక ఉండదు. ఒక్క జాగ్రత్త: ఆటు వేళల్లో నది పైభాగంలో నీళ్ళు చాలక పారమట్టా దాకా పడవ రాదు, కొంతదూరం బస్సు పెడతారు. ముందు రోజు రాత్రి ట్రిప్ ప్లానర్‌లో చూసుకోండి. అలాంటి రోజైతే కారులో సిడ్నీ ఒలింపిక్ పార్క్ వార్ఫ్‌కి వెళ్ళి అక్కడ ఎక్కించండి.

మధ్యాహ్నం 3 గంటలకి ఎక్కితే నాలుగున్నరకి దిగుతారు. డిసెంబర్‌లో ఇక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి 8 దాటాక, కాబట్టి బోలెడు వెలుతురు ఉంటుంది. పొద్దున్నే తీసుకెళ్ళేవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే. ఆ మెట్లు, ఆ రాతి నేల, తెల్లటి పైకప్పు అన్నీ ఎండని తిరగ్గొడతాయి. ఇక్కడి ఎండ మన మే నెల ఎండలా ఉక్కపోయదు, అందుకే మోసం చేస్తుంది. చల్లగాలికి హాయిగానే ఉంటుంది, ఇంటికొచ్చేసరికి మెడ వెనక చర్మం కమిలిపోతుంది. టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ళ సీసా తప్పనిసరి.

సర్క్యులర్ కీ వార్ఫ్ నుంచి ఒపెరా హౌస్ పది నిమిషాల నడక, అంతా చదునే. దారి పొడవునా కూర్చోడానికి చోటుంటుంది. ఎదురుగా పెద్ద క్రూయిజ్ ఓడ ఆగి ఉంటే బాబు అక్కడే పావుగంట నిలబడిపోతాడు, ఆ టైమూ లెక్కేసుకోండి.

ఇక కట్టడం సంగతి. పెద్దవాళ్ళని ఎదురుగా నిలబెట్టి "ఇదే ఒపెరా హౌస్" అని ఫోటో తీస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కొంచెం కథ చెప్తే గంట కూర్చుంటారు. నేను చెప్పే కథ ఇది, కావాలంటే వాడుకోండి.

ఆ చోటు పేరు బెన్నెలాంగ్ పాయింట్. ఒపెరా హౌస్ రాకముందు అక్కడ ట్రామ్ డిపో ఉండేది. 1956లో ప్రపంచమంతటికీ డిజైన్ పోటీ పెట్టారు, 233 డిజైన్లు వచ్చాయి. 1957 జనవరిలో డెన్మార్క్‌కి చెందిన యోర్న్ ఉట్జాన్ గెలిచాడు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. బొమ్మ అద్భుతంగా ఉంది గానీ ఆ గుల్లల పైకప్పు నిలబెట్టడమెలాగో ఎవరికీ తెలియదు. 1959లో పని మొదలుపెట్టేశారు, పైకప్పు లెక్క మాత్రం 1961లో గానీ తేలలేదు. తేలిన లెక్క ఏమిటంటే, ఆ గుల్లలన్నీ ఒకే గోళం మీంచి కోసిన ముక్కలు కావాలి. ఆ గోళం వ్యాసార్ధం 75 మీటర్లు. వంపు ఒకటే అయితే పోత అచ్చులు మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. బాబుకి చెప్పాలంటే ఒక బత్తాయి పట్టుకెళ్ళండి. తొక్క పెద్దవీ చిన్నవీ ముక్కలుగా తీసి అరుగు మీద నిలబెట్టించండి. వాడికి ఇంజనీరింగ్ అక్కడికక్కడే అర్థమైపోతుంది. మా నాన్నకి మాత్రం బత్తాయి గుర్తు రాలేదు. "గుళ్ళో కొట్టిన కొబ్బరి చిప్పలు ఎవరో వరసగా నిలబెట్టినట్టుంది" అన్నారు. పదహారేళ్ళుగా అంతకన్నా మంచి వర్ణన నేను వినలేదు.

70 లక్షల డాలర్లవుతుందన్న కట్టడానికి చివరికి 10 కోట్ల 20 లక్షలయింది. 1963కల్లా అవుతుందన్నది 1973కి అయింది. డబ్బు ఎక్కువ భాగం లాటరీ టికెట్లు అమ్మి పోగుచేశారు. మధ్యలో ప్రభుత్వం మారింది. కొత్త మంత్రికీ ఉట్జాన్‌కీ డబ్బు దగ్గరా డిజైన్ల దగ్గరా పేచీ వచ్చి, 1966లో ఆయన పని వదిలేసి ఆస్ట్రేలియా విడిచి వెళ్ళిపోయాడు. లోపలి పనంతా పీటర్ హాల్ అనే స్థానిక ఆర్కిటెక్ట్ నాయకత్వంలో పూర్తిచేశారు. 1973 అక్టోబర్ 20న ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. ఉట్జాన్ మళ్ళీ ఎప్పుడూ ఆస్ట్రేలియా రాలేదు. 2003లో ఆయనకి ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు, 2007లో కట్టడం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, 2008లో ఆయన పోయాడు, పూర్తయిన కట్టడాన్ని కళ్ళారా చూడకుండానే. ఇదంతా విని మా నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే ఇల్లు కట్టినవాడు గృహప్రవేశానికి రాలేదన్నమాట" అని లేచి ఇంకోసారి చుట్టూ తిరిగొచ్చారు. పెద్దవాళ్ళకి టైల్స్ లెక్కల కన్నా ఇలాంటివే పడతాయి.

టైల్స్ అంటే గుర్తొచ్చింది. పైకప్పు మీద 10,56,006 టైల్స్ ఉన్నాయి, స్వీడన్‌లో చేయించారు. దూరం నుంచి తెల్లగా కనిపిస్తుంది కదా, గుల్ల అంచు కిందికి దిగి అరుగుని తాకేచోట దగ్గరికెళ్ళి చూడండి. అక్కడ చేత్తో తాకొచ్చు. రెండు రకాలుంటాయి, ఒకటి నిగనిగలాడే తెలుపు, ఇంకోటి మెరుపులేని మీగడ రంగు. రెండూ కలిసి కోణాలు కోణాలుగా ముగ్గులా సాగుతాయి. మా అమ్మ వేలు పెట్టి ఒక్కో టైలూ తడిమి, "దీన్ని ఎవరు తోముతారే" అని అడిగింది. ఎవరూ తోమక్కర్లేదట, వర్షమే కడిగేస్తుందట. అమ్మ నమ్మలేదు.

చుట్టూ తిరగమన్నాను కదా, ముందు మెట్ల దగ్గరే ఆగిపోకండి. మెట్లెక్కకుండా కింద నీళ్ళ వారగా ఉన్న దారిలో వెనక్కి, అంటే ఉత్తరం వైపుకి వెళ్ళండి. అక్కడ జనం పలచబడతారు, గాలి బావుంటుంది, బ్రిడ్జి మొత్తం కనిపిస్తుంది. అదృష్టం బావుంటే ఆ వైపు నీళ్ళలోకి దిగే మెట్ల మీద సీల్ అనే సముద్ర జంతువు ఒకటి పడుకుని ఉంటుంది. 2014 నుంచి వస్తోంది, బెన్నీ అని పేరు కూడా పెట్టారు. కొన్నాళ్ళు వస్తుంది, కొన్నాళ్ళు మాయమవుతుంది. బాబుకి ముందే ఆశపెట్టకండి.

తిండి. లోపలా పక్కనా రెస్టారెంట్లున్నాయి, ఖరీదు మామూలుగా ఉండదు. ఇంటినుంచి పట్టుకెళ్ళడమే మేలు, కాకపోతే నీళ్ళ పక్కన డబ్బా విప్పకండి. సీగల్స్ సంగతి మీకు తెలుసు. అక్కడ వాటి ఆగడం పడలేక ఒకప్పుడు వాటిని తరమడానికి కుక్కల్ని కూడా తెచ్చారు. మా అమ్మ చేగోడీల డబ్బా మూత తీసి ఒకటి నోటి దాకా తీసుకెళ్ళింది. అంతే, వెనకనుంచి ఒక పక్షి వచ్చి చేతిలోంచి లాగేసుకుంది. చేగోడీ దాని ముక్కుకి ఉంగరంలా తొడుక్కుంది. మింగలేక వదల్లేక అది రెయిలింగ్ మీద తల విదిలించుకుంటుంటే చుట్టూ ఉన్న టూరిస్టులు ఒపెరా హౌస్ వదిలేసి దాన్ని ఫోటోలు తీశారు. కాబట్టి తినేది పక్కనున్న బొటానిక్ గార్డెన్‌లో చెట్టుకింద పెట్టుకోండి. ఒపెరా హౌస్‌ని ఆనుకునే గేటుంది, ప్రవేశం ఉచితం. 1816లో పెట్టిన తోట, మన పక్క కనిపించే పెద్ద పెద్ద మర్రిజాతి చెట్లు చాలా ఉన్నాయి. పులిహోర, పెరుగన్నం అక్కడ ప్రశాంతంగా లాగించొచ్చు. ఓపికుంటే ఆ తోట అంచునే ఇరవై, పాతిక నిమిషాలు నడిస్తే మిసెస్ మెక్వారీస్ పాయింట్ వస్తుంది, ఒపెరా హౌస్, బ్రిడ్జి రెండూ ఒకే ఫోటోలో పడేది అక్కణ్ణుంచే. అమ్మగారి మోకాళ్ళతో మాత్రం వద్దు. మీరూ బాబూ వెళ్ళిరండి, వాళ్ళిద్దరూ చెట్టుకింద కూర్చుంటారు. గేట్లు మూసే టైము బోర్డు మీద చూసుకోండి.

చీకటి పడ్డాక వెంటనే బయల్దేరకండి. బెన్నెలాంగ్ రెస్టారెంట్ ఉన్న చిన్న గుల్లల తూర్పు ముఖం మీద బడు గిలి అని ఆదివాసీ చిత్రకళని వెలుగుతో వేసి చూపిస్తారు. 2017లో మొదలుపెట్టారు. ఆరేడు నిమిషాలే ఉంటుంది, రాత్రి కొన్నిసార్లు మళ్ళీ వేస్తారు, టికెట్ లేదు. ముందు మెట్ల మీద కూర్చుంటే బాగా కనిపిస్తుంది. అది చూసుకుని సర్క్యులర్ కీ స్టేషన్‌లో రైలెక్కి, సెంట్రల్‌లో బ్లాక్‌టౌన్ వైపు మారితే సరి. రెండు స్టేషన్లలోనూ లిఫ్టులున్నాయి. ఆకలేస్తే హారిస్ పార్క్‌లో దిగి విగ్రమ్ స్ట్రీట్‌లో దోశ తినొచ్చు. శుక్రవారం రాత్రి ఆ వీధి ఎంత సందడిగా ఉంటుందో చూస్తే మీ నాన్నగారికి ఇదేదో గుంటూరు బ్రాడీపేటలా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, టూరా షోనా?

టూర్ చెడ్డదేం కాదు. గంటసేపు తిప్పుతారు, గైడ్లు బాగా చెప్తారు. కానీ మీ విషయంలో మూడు చిక్కులున్నాయి. మెట్లు చాలా ఎక్కించి దించుతారు. లిఫ్టుల మీద వెళ్ళేలా నడవలేనివాళ్ళకి వేరే టూర్ ఉంది, అది ముందుగా ఫోన్ చేసి పెట్టుకోవాలి. రెండోది భాష, తెలుగులోనో హిందీలోనో టూర్ లేదు. ఇంగ్లీషులో గైడ్ వేసే జోకులకి అందరూ నవ్వుతుంటే మనవాళ్ళు మొహమాటానికి నవ్వుతారు. మూడోది, రిహార్సల్ జరుగుతుంటే కొన్ని హాళ్ళలోకి వెళ్ళనివ్వరు. మనిషికి నలభై డాలర్ల పైనే పెట్టి తలుపులు చూసి రావాల్సి వస్తే ఉసూరుమంటుంది. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే షో టికెట్ వస్తుంది. టికెట్ ఉన్నవాళ్ళకి ఫాయేలు (హాలు బయటి విశాలమైన వరండాలు), హాలు, విరామంలో అద్దాల అవతల హార్బర్, అన్నీ అందులోనే. పైగా ఆ భవనం దేనికోసం కట్టారో ఆ పని జరుగుతుండగా చూస్తారు. గోపురం చూసి, గర్భగుడి తలుపు మూసి ఉందని తిరిగొస్తే తృప్తిగా ఉంటుందా?

ఏ షో అంటే, ఒపెరా హౌస్ అంటే ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. పెద్ద హాలుని మొదట ఒపెరాకీ కచేరీలకీ రెండింటికీ అనుకున్నారు. కట్టే మధ్యలో మనసు మార్చుకుని పెద్దదాన్ని కచేరీలకే ఇచ్చేసి, ఒపెరాని పక్కనున్న చిన్న హాల్లోకి నెట్టారు. అప్పటికే తెప్పించిన స్టేజి యంత్రాలు కూడా తీసేశారు. అలా సుమారు 2,600 సీట్ల కాన్సర్ట్ హాల్లో ఆర్కెస్ట్రా, సుమారు 1,500 సీట్ల జోన్ సదర్లాండ్ థియేటర్లో ఒపెరా, బ్యాలే. ఇవి కాక నాటకాలకీ పిల్లల షోలకీ ఇంకో మూడు నాలుగు చిన్న హాళ్ళు.

మీ వాళ్ళకి నా ఓటు కాన్సర్ట్ హాల్లో ఆర్కెస్ట్రాకే. సంగీతానికి భాష అక్కర్లేదు. మా నాన్నది విజయనగరం. చిన్నప్పుడు సంగీత కళాశాల అరుగుల మీద ఆడుకున్న మనిషి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ గురించి ఇప్పటికీ గంటలు గంటలు చెప్తారు. ఒక్క వయొలిన్, కూర్చుని, పాదం మీద ఆనించి వాయించడమే ఆయనకి తెలుసు. ఇక్కడ పాతిక ముప్ఫై వయొలిన్లు ఒకేసారి పైకి లేచాయి. విల్లులన్నీ ఒకే పక్కకి, ఒకే వేగంతో. ఆయన ముందుకి వంగి చూపుడు వేలితో గాల్లో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. విరామంలో "ఒక్కడు కూడా పక్కవాడికి ఎదురు గీయలేదురా" అన్నారు. ఏం వాయించారో ఆయనకి గుర్తులేదు, నాకూ గుర్తులేదు. ఆ హాల్లో స్టేజి వెనక గోడ నిండా ఉండే పైపు ఆర్గాన్ కూడా చూపించండి, 10,244 గొట్టాలు, కట్టడానికి పదేళ్ళు పట్టింది. పైన వేలాడే గులాబీ రంగు రేకుల్లాంటివి ధ్వనికోసం 2022లో పెట్టినవి. ఆ మరమ్మతుల్లోనే లిఫ్టు సదుపాయం కూడా మెరుగైంది, మీకు అది వరం.

డిసెంబర్‌లో క్రిస్మస్ పాటల కచేరీలుంటాయి, జనవరి నుంచి ఒపెరా వేసవి సీజన్. మీ నాన్నగారు తెనాలి మనిషి కాబట్టి ఒపెరాని కూడా కొట్టిపారేయను. పద్యనాటకం చూసి పెరిగినవాళ్ళకి ఒపెరా అంత కొత్తేం కాదు. అదే సుదీర్ఘ రాగాలాపన, అదే చచ్చిపోయే ముందు పది నిమిషాల పాట. మైకు లేకుండా గొంతు చివరి వరస దాకా చేరుతుంది, మన పాతకాలపు నటులకి చేరినట్టే. వన్స్ మోర్ ఒక్కటే అనకూడదు. పాట చాలావాటిలో ఇటాలియన్‌లో, పైన తెరమీద ఇంగ్లీషు అనువాదం పరుగెడుతుంటుంది. అది చదివే ఓపిక పెద్దవాళ్ళకి ఉండదు. వెళ్ళేటప్పుడు రైల్లోనే కథ తెలుగులో చెప్పేయండి. ఎవరు ఎవర్ని ప్రేమించారు, ఎవరు ఎందుకు పోయారు, అంతే చాలు. మూడు గంటలుంటుంది, బాబుని తీసుకెళ్ళకండి. వాడికి సెలవుల్లో చిన్న హాళ్ళలో పిల్లల నాటకాలుంటాయి, గంట లోపే అయిపోతాయి. అన్నట్టు వాడికి ఇంకో కథ: ఒపెరా హాల్లో వాద్యబృందం కూర్చునే గుంటమీద వల కట్టి ఉంటుంది. 1980ల్లో ఒక ఒపెరాలో బతికున్న కోళ్ళని స్టేజి ఎక్కిస్తే, ఒక కోడి నడుచుకుంటూ వెళ్ళి కింద చెల్లో వాయించే ఆయన మీద పడిందట. అప్పట్నుంచీ వల.

టికెట్లు ఒపెరా హౌస్ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో టికెట్లు తిరిగి అమ్మే సైట్లు వస్తాయి, పేజీ అచ్చం అసలుదాన్లాగే ఉంటుంది. 2012లో నేను చూసుకోకుండా ఒకదాంట్లో కొని దాదాపు రెట్టింపు కట్టాను. పైగా నాలుగు సీట్లూ నాలుగు చోట్ల వచ్చాయి. సీటు ఎంచుకునేటప్పుడు ధర కన్నా మెట్లు చూడండి. పైన సర్కిల్ సీట్లు చవకే గానీ ఎక్కాల్సిన మెట్లు ఎక్కువ. మీ అమ్మగారికి కింద స్టాల్స్‌లో, వరస చివర ఉండే సీటు కావాలి. బాక్సాఫీసుకి ఫోన్ చేసి మోకాళ్ళ సంగతి చెప్తే మెట్లు లేని దారిలో వెళ్ళేది వాళ్ళే చూసిపెడతారు, ఆన్‌లైన్‌లో తడుముకునే కన్నా అదే నయం. కాన్సర్ట్ హాల్లో స్టేజి వెనక కూడా సీట్లుంటాయి, కొన్ని కచేరీలకి అవి తక్కువకే అమ్ముతారు. అక్కణ్ణుంచి వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ మొహం కనిపిస్తుంది, నాకైతే ఇష్టం. ఒపెరా హాల్లో మాత్రం "పాక్షిక దృశ్యం" అని రాసి ఉన్న సీట్లు కొనకండి. పాక్షికం అంటే నిజంగానే పాక్షికం.

మధ్యాహ్నం ఆట ఎంచుకోండి, ఒంటిగంటన్నరకో రెండింటికో మొదలవుతుంది. రాత్రి షోలైతే ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. ఆట టైముకి గంట ముందే అక్కడుండండి. 2011లో అత్తమామలతో వెళ్ళినప్పుడు ఎనిమిది నిమిషాలు ఆలస్యమయ్యాం, తప్పు మాదే, చీర కుచ్చిళ్ళ దగ్గర మొదలైంది. తలుపులు మూసేశారు. మధ్యలో అనువైన విరామం వచ్చేదాకా బయట టీవీలో చూశాం. మా మామయ్యగారు ఇప్పటికీ ఆ టీవీ గురించే చెప్తారు.

బట్టల గురించి కంగారు అక్కర్లేదు, కోటు వేసుకోవాలని నిబంధనేం లేదు. అమ్మగారికి నూలు చీరైనా పట్టుచీరైనా బావుంటుంది, కాస్త తేలికైన చెప్పులు వేయించండి. నాన్నగారికి మాత్రం శాలువా తప్పనిసరి. సింఫనీ వాయించేటప్పుడు వాద్యాల శ్రుతి చెడకుండా హాలుని 22.5 డిగ్రీల దగ్గర పెడతారు. రెండు గంటలు కదలకుండా కూర్చుంటే మనవాళ్ళకి వణుకొస్తుంది. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, క్లోక్‌రూంలో పెట్టాలి, చేసంచీతో వెళ్ళండి. దగ్గొస్తుందనుకుంటే లవంగం బుగ్గన పెట్టించండి. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియకపోతే చుట్టుపక్కలవాళ్ళని చూసి కొట్టడమే. మన కచేరీలో తని ఆవర్తనం అవ్వగానే కొట్టేస్తాం కదా, ఇక్కడ ఒక భాగం అవ్వగానే కొట్టరు, మొత్తం అయ్యేదాకా ఆగుతారు. మా నాన్న రెండుసార్లు ముందే కొట్టారు, ఏమీ కాలేదు.

కారులో వెళ్ళాలనుకుంటే ఒపెరా హౌస్ కిందే పార్కింగ్ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోకపోతే టికెట్ డబ్బంత అవుతుంది. షో రోజున మాత్రం, మోకాళ్ళ దృష్ట్యా, ఆ ఖర్చు పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ఒకటి మీరు అడగలేదు గానీ తర్వాత తప్పకుండా అడుగుతారు: 31 రాత్రి బాణసంచాకి అక్కడికి తీసుకెళ్ళొచ్చా అని. వద్దు. మంచి చోట్లన్నీ పొద్దుటికే నిండిపోతాయి, రోజంతా ఎండలో కాపలా కాయాలి, టాయిలెట్‌కి వెళ్ళొచ్చేసరికి చోటు పోతుంది. పెద్దవాళ్ళతో, ఏడేళ్ళ పిల్లాడితో అది శిక్ష. ఇంట్లో పకోడీలు వేసుకుని టీవీలో చూడండి. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి కూడా ఈ రెండు రోజుల్లో దేనికీ కలపకండి. ఆ దారి వేరు, కొండలోంచి వెళ్ళాలి, దానికి ఒక ఆదివారం విడిగా ఉంచుకోండి.

మీ వాళ్ళ టికెట్ తేదీలు ఖాయమయ్యాక ఆ వారాల్లో ఏ కచేరీలున్నాయో చూసి ఒక రెండు మూడు పేర్లు పంపండి, సీటు వరసలు చూసి ఏది మెట్లు తక్కువో చెప్తాను. సీల్ కనిపిస్తే ఫోటో పెట్టండి, గత వేసవిలో నాలుగుసార్లు వెళ్ళాను, ఒక్కసారీ దర్శనమివ్వలేదు.